దిద్దని పుటలు

ఉపాధ్యాయుని చేతినుండి బెత్తము పోయినది. ఎఱ్ఱసిరా మాత్రము పోలేదు. బెత్తపు దెబ్బ సాయంకాలమునకు మాయును. ఎఱ్ఱసిరా గీత పిల్లల మనస్సులో ఎంతకాలముండునో గీచినవానికి తెలియదు. ఇరువది యేండ్లుగా పిల్లలకు తెలుగును, కొంత సంస్కృతమును, అవసరమైనపుడు ఇంగ్లీషును చెప్పుచున్న నాకు ఈ సంగతి నలువది యేండ్లు దాటిన పిమ్మట తెలిసినది. అదియును సముద్రముల కావల నున్న ఒక స్త్రీ చేసిన పనిని గూర్చి విన్న తరువాత తెలిసినది. ఆ కథయే ఇందు వ్రాయుచున్నాను.

నేనుండునది ములకలపల్లి ప్రాంతము. 2016లో కొత్త జిల్లాలేర్పడినపుడు ఇది ఖమ్మము జిల్లా నుండి విడివడి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. చుట్టును అడవి, అడవి అంచున కోయగూడెములు. మా బడిపిల్లలలో పలువురు ఇంటిలో కోయభాష మాటలాడుదురు, బడిలో తెలుగు నేర్తురు, పుస్తకములలో ఇంగ్లీషును చూతురు. మూడు భాషల నడుమ నిలిచిన పిల్ల తనంత తానుగా ఒక వాక్యము వ్రాయుట ఎంత సాహసమో, ఒక్క భాషలో పుట్టి పెరిగిన మనకు ఊహకందదు.

బడిలో నెలకొక లిఖితపత్రికను నడపుచుంటిని. పిల్లలు వ్రాసి తెత్తురు, నేను దిద్దుదును, దస్తూరి బాగుగా నున్న ఒక బాలిక దానిని తెల్లకాగితముపై ఎత్తి వ్రాయును. ఒక్కటే ప్రతి. దానిని కుట్టి, దారము కట్టి, గ్రంథాలయపు గోడకు వ్రేలాడదీయుదుము. తనిఖీకి వచ్చిన అధికారులు తిరుగవేసి చూచి మెచ్చుకొనెడివారు. నేనును సంతోషించెడివాడను. ఇప్పుడు తలచుకొన్న తెలియుచున్నది: ఆ పత్రికలో నలువదిమంది పేర్లుండెడివి; దస్తూరి ఒక్కటి; భాషయు ఒక్కటియే, అది నాది.

2023వ సంవత్సరము ఆగష్టు 23వ తేదీ సాయంకాలము ఆరు దాటిన నాలుగు నిమిషములకు చంద్రయాన్-3 చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున దిగినది. వసతిగృహములో టెలివిజను ముందు పిల్లలతో కూడ నేలపై కూర్చుండి చూచితిని. మరునాడు దానిని గూర్చి ఏదైన వ్రాసి తెండని చెప్పితిని. పెక్కుమంది వార్తాపత్రికలోని వాక్యములనే తెచ్చిరి. తొమ్మిదవ తరగతి చదువుచున్న ఒక కోయబాలిక మాత్రము పాట వ్రాసి తెచ్చెను. పైన పెద్ద అక్షరములతో "చంద్రవానం" అని పేరు పెట్టెను.

ఆ పాటలో గూడెపు స్త్రీలు చంద్రునిపైకి తునికాకు కోతకు పోవుదురు. ఇక్కడి అడవిలో ఆకు తగ్గినదట. అక్కడ కట్ట నెత్తినబెట్టుకొన్న ఆరవవంతు బరువే తూగును. కాబట్టి మెడ నొవ్వదు. కల్లమునకు దిగివచ్చిన తరువాత కల్లేదారు కట్టకు యాబది ఆకులు లెక్కబెట్టవలసినదే గదా. తూకము తగ్గినను లెక్క తగ్గదు, కూలియు తగ్గదు. పాట పొడుగునను ఇదియే హాస్యము. వరుస వారి ఇండ్లలో పెండ్లిండ్లకు పాడుకొను రేలపాటది.

దానిపై నేను ఎఱ్ఱసిరాతో మూడు మాటలు వ్రాసితిని. మొదటిది, శీర్షిక తప్పు, చంద్రయానమని యుండవలెను. రెండవది, వరుస సొంతము కాదు, ఛందస్సు లేదు. మూడవది, చంద్రునిపై మొక్క మొలవదు, ఇది శాస్త్రవిరుద్ధము. క్రింద "సరిచేసి తెమ్ము" అని వ్రాసి కాగితము తిరిగి ఇచ్చితిని. "సరే సార్" అని ఆమె తీసికొని పోయెను. ఆ కాగితము మరల రాలేదు. పదవ తరగతి ముగించి బడి విడుచువరకు ఆమె పత్రికకు మరి ఒక్క పంక్తి వ్రాయలేదు. నేనును అడుగలేదు. శాస్త్రవిరుద్ధమని వ్రాసిన నేను, చంద్రునిపై బరువు ఆరవవంతని ఆమె పాఠమునుండి నేర్చి తన తల్లి మెడకు అన్వయించిన సంగతిని చూడనే లేదు.

గడచిన సంక్రాంతికి నా మేనల్లుడు వచ్చెను. అతడు కాలిఫోర్నియాలో ఉద్యోగము చేయుచున్నాడు. రాత్రి భోజనములైన తరువాత ఆరుబయట కూర్చుండి అతడొక వింత చెప్పెను. వైజ్ఞానిక కల్పనాకథలను అభిమానించువారు అక్కడ ఏటేట సభలు చేసికొందురట. స్నేహితుని వెంట అట్టి సభ కొకదానికి పోయెనట. పగలు ఉపన్యాసములు; రాత్రి పొద్దుపోయిన తరువాత ఒక గదిలో ముప్పదిమంది వలయముగా కూర్చుండిరి. వారిలో ఇంజనీర్లు, గ్రంథాలయోద్యోగులు, ముదుసలి స్త్రీలు, కాలేజీ కుఱ్ఱవాండ్రు అందరు నుండిరి. ఒకరి తరువాత ఒకరు అంతరిక్షనౌకలను గూర్చియు, తాము చదివిన కథలను గూర్చియు, కంప్యూటర్లను గూర్చియు పాటలు పాడిరి. వరుసలు చాలవరకు పాతవే. మాటలు మాత్రము కొత్తవి.

"మన ఊరి భజన లాగే ఉంది మామయ్యా. శ్రుతి తప్పినవాడు కూడా పాడాడు, ఒక్కరూ నవ్వలేదు" అని అతడనెను.

ఆ వలయములో ఒక మర్యాద గలదట. తన వంతు వచ్చినవాడు పాడవచ్చును. లేదా ఫలానివారు పాడవలెనని అడుగవచ్చును. రెండును కాకున్న వంతు విడువవచ్చును. విడిచినవానిని ఎవరును ఒత్తిడి చేయరు. ఈ పాటకు వారు పెట్టుకొన్న పేరు ఫిల్కు.

ఆ పేరేమని అడిగితిని. అతడు చెప్పినది, తరువాత నేను చదివి తెలిసికొన్నది కలిపి చెప్పుదును. 1926లో హ్యూగో గెర్న్స్‌బాక్ అను నతడు న్యూయార్కులో అమేజింగ్ స్టోరీస్ అను మాసపత్రికను వైజ్ఞానిక కథలకే స్థాపించెను. అందులో పాఠకుల జాబులను వారి చిరునామాలతో సహా ప్రకటించెడివాడు. ఆ చిరునామాలను చూచి పాఠకులు ఒకరికొకరు జాబులు వ్రాసికొనసాగిరి; సంఘములు పెట్టిరి; 1930 నుండి తమలో తాము చిన్న పత్రికలను అచ్చొత్తి పంచుకొనిరి. వానికి 1940లో ఫ్యాన్‌జీను అను పేరు వచ్చినది. అనగా అభిమానుల పత్రిక. వ్రాసినవానికి పారితోషికము లేదు; అచ్చువేసినవానికి లాభము లేదు. మనకును వైజ్ఞానిక కథలు లేకపోలేదు. కాలిఫోర్నియాలోనే కంప్యూటరు శాస్త్రాచార్యులుగా పనిచేసిన వేమూరి వేంకటేశ్వరరావుగారు అట్టి కథలను తెలుగున వ్రాసిరి. అయితే కథ చదివి మెచ్చుకొని ఊరకుండుట మనలో చాలమంది అలవాటు. ఆ చదువరులు మెచ్చిన కథకు పాట కట్టిరి.

1950 తరువాతి తొలి యేండ్లలో లీ జేకబ్స్ అను అభిమాని ఈ పాటలను గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. జానపదసంగీతమునకు ఇంగ్లీషులో ఫోక్ మ్యూజిక్ అని పేరు గదా. అతని టైపుయంత్రమున ఒక అక్షరము మాఱి, ఓ కారము చోట ఐ కారము పడి, ఫోక్ కాస్త ఫిల్కైనది. వ్యాసములో మోటుతనము మెండుగా నున్నదని, తపాలాశాఖవారు ఆక్షేపింతురని ఆనాటి సంకలనకర్త దానిని ప్రకటింపలేదు. వ్యాసము వెలుగు చూడలేదు గాని దానిలోని తప్పు నోటినోట ప్రాకినది. 1953లో కేరెన్ ఆండర్సన్ అను నామె తన భర్త వ్రాసిన పాటకు ఆ మాటనే పేరుగా వేసి ప్రకటించెను. నాటినుండి అదియే స్థిరపడినది. 1995 నుండి కెనడాలో ఫిల్కు ప్రముఖులకు ఏటేట సన్మానము సహా జరుగుచున్నది.

ఇది విన్నపుడు నేను నవ్వితిని. నవ్వుచుండగనే చంద్రవానము జ్ఞాపకము వచ్చి నవ్వు ఆగిపోయినది. వారు అచ్చుతప్పును దత్తు తీసికొని వంశనామము చేసికొనిరి. నేను అట్టి తప్పును సున్న చుట్టి ఇంటికి పంపితిని. యానమునకు వానము పడిన మాత్రమున ఏమి చెడినది? చంద్రునిపై వాన అను నూహ ఆ పాటకు తగిన పేరే గదా!

లీ గోల్డు అను స్త్రీ పేరు నా మేనల్లుడు ఈ సందర్భముననే చెప్పెను. ఆమె లాస్ ఏంజెలిస్ నగరవాసిని. అక్కడ 1934 నుండి వైజ్ఞానిక కథాభిమానుల సంఘ మొకటి గలదు. ఆమెయు ఆమె భర్త బారీయు దాని సభ్యులు. పాత వరుసలకు కొత్త పాటలు కట్టుటలో ఆమెకు పేరున్నది. ఫిల్కు పుట్టుపూర్వోత్తరములను గూర్చి చరిత్రవ్యాసమును వ్రాసెను. 1988లో జెనోఫిల్కియా అను పాటల పత్రికను ప్రారంభించి, పలువురు కట్టిన పాటలను కర్తల పేర్లతో, ఏ పాట వరుసయో తెల్పుచు ప్రకటించెను. అంతకు పూర్వమే 1975 జూనులో అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్ అను మరియొక పత్రికను ఎత్తుకొనెను. అది బల్లచుట్టు కూర్చుండి తలకొక పాత్ర ధరించి కథ నల్లుకొను ఆటలను గూర్చినది. ఇంచుమించు ప్రతి నెలయు తెచ్చుచు, 2025 ఏప్రిల్ వరకు, అనగా యాబది యేండ్లకు కొన్ని వారములే తక్కువగా, ఆమె దానిని నడపెను. సంచికలు 590 దాటినవి. మన దేశమున గొప్ప ధనవంతుల ఆశ్రయమున పుట్టిన పత్రికలే పదేండ్లు నిలుచుట దుర్లభము. ఒక ఇంటి నుండి ఒక స్త్రీ అర్ధశతాబ్ది నడపుట సామాన్యమా?

అయితే నన్ను ఆశ్చర్యపఱచినది ఆ కాలపరిమితి కాదు, ఆ పద్ధతి. దానిని వారు అభిరుచి ముద్రాపకుల సమాజమందురు. అట్టి సమాజములు అమెరికాలో 1876 నుండియు గలవు. వ్రాయువాడు తన పుటలను తానే సిద్ధము చేసికొని పంపును. తన మాట, తన అమరిక, తన తప్పు తనవే. పూర్వము సైక్లోస్టైలు స్టెన్సిళ్లమీద టైపు చేసెడివారు. ఆ సిరా వాసన నాకును తెలియును. నా చిన్నతనమున పరీక్షాపత్రములు ఆ యంత్రము మీదనే వచ్చెడివి. నిర్వాహకురాలు ఆ పుటలన్నిటిని ప్రోగుచేసి, వరుసగా పేర్చి, కుట్టి, అందరికి పంపును. వచ్చిన సంచికను చదివి వచ్చేనెల పుటలలో ఒకరి మాటకొకరు బదులు వ్రాసికొందురు. తప్పున్న తోడివ్రాతగాడే చెప్పును. అదియు తన పేరు పెట్టుకొని, తన పుటలో చెప్పును. సంపాదకురాలు దిద్దరి కాదు, కుట్టరి. నేను యేండ్ల తరబడి దిద్దరినైతిని. కుట్టుపని దారమునకు వదలితిని.

నా రెండవ ఆక్షేపణ వరుస ఎరవని గదా. అది తలచుకొన్న నాకే సిగ్గగుచున్నది. సంస్కృతము చదివినవాడను, ముత్తుస్వామి దీక్షితులవారు 1775 నుండి 1835 వరకు జీవించిన మహావిద్వాంసులని పాఠము చెప్పుదును. వారు తెల్లదొరల బ్యాండుమేళపు వరుసలు విని, వానికి సుమారు నలువది సంస్కృత సాహిత్యములు కట్టిరి. అందొకటి బ్రిటిషు రాజగీతపు వరుసకే కట్టినది. వానిని నొట్టుస్వరములని నేటికిని పిల్లలకు నేర్పుదురు. మన పాత పాటల పుస్తకములను తిరుగవేసిన, పాటపై "ఫలాని పాట మట్టు" అని వేయుట కనబడును. నేటి భజనపుస్తకములలో సినిమాపాటల పేర్లే వేయుచున్నారు. దీక్షితులవారు చేసిన ఘనమగు పని కోయబాలిక చేసినపుడు దొంగసొమ్మెట్లైనది? ఫిల్కువారు నేర్పిన నీతి చిన్నది: ఎరవు తెచ్చుకొనుము, ఎక్కడనుండి తెచ్చితివో పైన వ్రాయుము. ఆ బాలిక శీర్షిక క్రింద "మా అమ్మ పాడే పాట వరుస" అని వ్రాసియే యుండెను.

ఇక మూడవది. చంద్రునిపై మొక్క మొలవదని శాస్త్రము పేర తీర్పు చెప్పితిని. 2019 జనవరిలో చైనావారి చాంగ్-ఎ 4 నౌక చంద్రుని ఆవలి ముఖమున దిగినది. అందులో మూతవేసిన డబ్బా యొకటి యుండెను. దానిలో ప్రత్తిగింజ మొలకెత్తినది. చంద్రునిపై దీర్ఘరాత్రి పడగనే ఆ చలికి చనిపోయినది. అయినను మొలిచినమాట నిజము. నేను ఎఱ్ఱసిరా వాడునప్పటికి ఆ మొలక మొలిచి నాలుగేండ్లు దాటినది. పిల్ల ఊహ కంటె గురువు శాస్త్రజ్ఞానమే వెనుకబడి యుండెను.

మేనల్లుడు వెళ్లిన వారమునకు ఒక ఆదివారమునాడు ఆమె గూడెమునకు పోయితిని. ఆమె ఇప్పుడు ఇంటర్మీడియట్ చదువుచున్నది. సెలవునకు ఇంటికి వచ్చియుండెను. తల్లి మంచము వాల్చి, "కూసోండి సారూ" అని మంచినీళ్లిచ్చెను. నేను వచ్చిన పని చెప్పితిని. చంద్రవానము పాట మరల కావలెననియు, ఆనాడు దిద్దినది నా తప్పనియు చెప్పితిని. ఆ మాట చెప్పుటకు నాకు కొంతసేపు పట్టినది.

ఆమె తల వంచుకొని, "గుర్తు లేదు సార్. తప్పులున్నాయన్నారు గదా. ఆ కాయితం ఆరోజే పొయ్యిలో పడింది" అనెను. ఆ మాటలో నిష్ఠురము లేదు. పొయ్యిలో పడిన కాగితమును గూర్చి చెప్పునట్లే చెప్పెను. అందుచేతనే నాకు మఱింత బాధ కలిగినది.

అంతలో ఆరవ తరగతి చదువు చెల్లెలు గుంజచాటున నిలుచుండి, "నాకు సగం వచ్చు సార్" అనెను. వచ్చిన సగమును పాడి వినిపించెను. అందులో కొన్ని మాటలు అక్కవి కావట. అది మఱచినచోట తానే పూరించుకొన్నదట. కల్లేదారును కూడ చంద్రునిపైకి ఎక్కించి, అతని సంచి సైతము ఆరవవంతు బరువే తూగునట్లు చేసినది! తల్లి నోటికి కొంగడ్డము పెట్టుకొని నవ్వెను. అక్కయు నవ్వెను. మిగిలిన సగము మాత్రము దొరకలేదు. అది పోయినది. దానిని పోగొట్టినవాడను నేను.

తిరిగివచ్చి పత్రిక పద్ధతి మార్చితిని. ఇప్పుడు ప్రతివారును తమ పుటను తామే వ్రాసి, బొమ్మ వేసికొని తెత్తురు. ఏ దస్తూరి ఆ దస్తూరియే. కోయమాటలు తెలుగులిపిలో వ్రాసిన పుటలు వచ్చుచున్నవి. నేను పేర్చి కుట్టుదును. పత్రిక పేరు "చంద్రవానము". అందుకు అక్క అనుమతి తీసికొంటిని. శనివారము సాయంకాలము వలయముగా కూర్చుందుము. పాడవచ్చును, అడుగవచ్చును, విడువవచ్చును. నా వంతును నేను రెండుసార్లు విడిచితిని. మూడవసారి పిల్లలు విడువనీయలేదు.

తోటి ఉపాధ్యాయుడొకరు ఆక్షేపించిరి: "తప్పులు దిద్దకున్న భాష ఎట్లు వచ్చును? పరీక్షలో మార్కులెవరిత్తురు?" ఆ ప్రశ్న న్యాయమైనదే. తరగతిలో కాపీపుస్తకమును నేటికిని దిద్దుచున్నాను, ఎఱ్ఱసిరా మానలేదు. చదువు నేర్చుటకు దిద్దుబాటు కావలెను. కాని నేర్చుకొను పుట వేఱు, చెప్పుకొను పుట వేఱు. పిల్ల తన మనస్సులోని మాటను పదిమందికి చెప్పుకొనుటకు తెచ్చిన కాగితముపై మొదట పడవలసినది గురువు కలము కాదు, చదువరి కన్ను. తన మాట విన్నవారున్నారని తెలిసినపుడు దానిని సొంపుగా చెప్పవలెనని తనకే తోచును. రెండవ సంచికలో ఒక బాలుడు మొదటి సంచికలోని తన తప్పును తానే చూపి, క్రింద సరిదిద్దుకొన్నాడు. అది నేను చెప్పినది కాదు.

గృహస్థులారా, గృహిణులారా! మన ఇండ్లలో వంటయింటి పాటలు, ఊయలపాటలు, పిల్లలు నోటుపుస్తకముల చివరి పుటలలో వ్రాసికొనునవి ఎన్ని పొయ్యిల పాలైనవో లెక్క లేదు. అవి అచ్చునకెక్కదగినవి కావని మనమే తీర్పు చెప్పితిమి. అచ్చునకెక్కకున్న నేమి? నాలుగు ఇండ్లవారు నాలుగు పుటలు వ్రాసి ఒక దారమున కుట్టుకొన్న అదియే పత్రిక. దానికి ధనము అక్కరలేదు, పాండిత్యము అక్కరలేదు. నెలనెల విడువక కుట్టు ఓపిక మాత్రము కావలెను. లాస్ ఏంజెలిస్‌లో ఒక స్త్రీకి ఆ ఓపిక యాబది యేండ్లున్నది. మనకు ఒక్క యేడాదియైన నుండరాదా?

మా పత్రిక ఇప్పటికి రెండు సంచికలు వచ్చినది. రెంటిలోను అక్క పేరు పైన వ్రాసి ఒక పుట తెల్లగా వదలితిమి. చెల్లెలు ప్రతినెల దానిని ఇంటికి తీసికొనిపోయి చూపుచున్నది. ఇంతవరకు అది తెల్లగనే తిరిగి వచ్చుచున్నది. మూడవ సంచికకును వదలుదుము.